నోన్నా చేసిన పని పేరు

మరణ ధ్రువీకరణ పత్రాలు కనీసం ఐదు ప్రతులు తీసుకోమని అంత్యక్రియలు జరిపించినవారు ముందే చెప్పారు. బ్యాంకుకొకటి, బీమాకొకటి, ఇంటి కాగితాలకొకటి అవసరం పడతాయట. 2022 మార్చిలో ఆ కవరు వచ్చిన రోజు ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. పేరు సరిగా పడిందా, పుట్టిన తేదీ సరిగా ఉందా అని ఒక్కొక్క గడీ చూసుకుంటూ వచ్చాను. 'ఎక్కువ కాలం చేసిన వృత్తి' అన్న గడి దగ్గర నా చూపు ఆగిపోయింది. అక్కడ 'గృహిణి' అని ఉంది.

నోన్నా అంటే ఇటాలియన్ భాషలో అమ్మమ్మ అయినా నానమ్మ అయినా ఒకటే మాట. మా ఆయనకు ఆవిడ నానమ్మ. నాకు వరసకు ఏమవుతుందో తెలుగులో ఒక్క మాటలో చెప్పలేను కాబట్టి నేనూ నోన్నా అనే పిలిచాను. ఆవిడ 1956లో ఇటలీ నుంచి ఫిలడెల్ఫియాకు వచ్చిన కొద్ది నెలలకే మగవాళ్ల కోట్లు కుట్టే ఫ్యాక్టరీలో చేరింది. 1988లో మానేసింది. ముప్పై రెండేళ్లు కుట్టుమిషన్ల హోరులో కూర్చుని చెవులు మందగించాయి. అందుకే మాతో ఎప్పుడూ గట్టిగా మాట్లాడేది. ఇంటిపని తక్కువని నేను ఎన్నడూ అనుకోలేదు, మా అమ్మ జీవితమంతా చేసింది అదే. కానీ నోన్నా రెండూ చేసింది. కాగితం మీద ఒకటే మిగిలింది.

ఆ మాట ఎవరు రాయించారని ఆరా తీస్తే, మా మామగారే. తల్లి పోయిన మర్నాడు ఎవరో ఫారం పట్టుకుని వరసగా ప్రశ్నలు అడుగుతుంటే ఆయన నోటికి వచ్చింది చెప్పారు. ఆ స్థితిలో ఎవరైనా అంతే. 'అమ్మ ఇంట్లోనే ఉండేది కదా' అన్నారు నాతో. ఆయన బడి నుంచి వచ్చేసరికి పొయ్యి మీద టమాటా పులుసు ఉడుకుతూ ఉండేదట. ఆయనకు తెలిసిన అమ్మ అదే. తప్పు దిద్దించవచ్చా అని నేను ఫోను చేసి కనుక్కున్నాను. సమాచారం ఇచ్చిన వ్యక్తి సంతకం పెట్టాలి, చేసిన పనికి కాగితం ఆధారం చూపాలి అన్నారు. నెల రోజుల పని అనుకున్నాను. రెండేళ్లు పట్టింది.

నేనెందుకు అంత పట్టుబట్టానో చెప్పాలంటే ఒక రవిక సంగతి చెప్పాలి.

2011లో న్యూజెర్సీలో మా పిన్ని కూతురి పెళ్లి. తెనాలిలో కుట్టించుకున్న పట్టు రవిక తొడుక్కుని నోన్నాకు చీర చూపిద్దామని వెళ్లాను. ఆవిడ చీర వంక చూడలేదు. నా భుజం దగ్గరికి వచ్చి, కుట్టు పక్కన లేచిన సన్నటి ముడతను వేలితో నొక్కి, 'ఈ చేతులు ఎవరు పెట్టారు?' అంది. విప్పమంది. పాత బ్లేడుతో చేతుల కుట్టు ఊడదీసి, రెండు ముక్కలూ బల్ల మీద పరిచి చూపించింది. చేతి పైభాగం గుండ్రం కొలిస్తే చంక గుండ్రం కన్నా మామూలుగా ఎక్కువే ఉంటుంది. ఉండాలి కూడా, లేకపోతే భుజం గుండ్రం మీద చెయ్యి సరిగా కూర్చోదు. ఆ ఎక్కువైన గుడ్డను ఎక్కడా మడత పడకుండా, కంటికి కనిపించకుండా కుట్టులో ఇమడ్చడమే పని. వదులు కుట్లు రెండు వరసలు వేసి దారం కొస పట్టుకుని లాగితే గుడ్డ చిన్న గిన్నెలా ఒంపు తిరిగింది. 'ఉన్ని అయితే ఆవిరి పడితే చెప్పినట్టు వింటుంది. పట్టు వినదు' అంటూ, అంచు కొద్దిగా తగ్గించి మళ్లీ కుట్టింది. అప్పటికి ఆవిడకు డెబ్బై ఎనిమిదేళ్లు. కళ్లజోడు లేకుండా సూదిలో దారం ఎక్కించింది. ఆ రవిక ఈనాటికీ నా దగ్గర ఉంది. భుజం దగ్గర ఒక్క ముడత లేదు.

ఫ్యాక్టరీలో ఆవిడ పని అదే. కోటుకు చేతులు పెట్టడం. కోటు తయారీలో అందరూ చేయలేని పనుల్లో అదొకటి. కార్మిక సంఘం ఇచ్చిన పాత గుర్తింపు కార్డు మీద 'స్లీవ్ సెట్టర్' అని ఉండేదని ఆవిడే చెప్పింది. అలాంటి మనిషి చనిపోయాక వృత్తి గడిలో ఆ మాట లేకపోవడం నాకు మింగుడు పడలేదు.

మొదట ఇంట్లో వెతికాను. కార్డు దొరకలేదు. పెళ్లినాటి పెట్టెలో దొరికింది వేరే వస్తువు, పిట్సెల్లె ఇనుము. ఇటలీలోని ఆబ్రుత్సో ప్రాంతంలో పండగకూ పెళ్లికీ చేసే పల్చటి బిళ్లల్లాంటి పిండివంట పేరు పిట్సెల్లె. పొడుగాటి పిడులున్న రెండు ఇనప పలకల మధ్య పిండి వేసి, నొక్కి పట్టి, మంట మీద అటూ ఇటూ తిప్పుతారు. గుడ్లు, పంచదార, నూనె, మైదా, వాసనకు మన సోంపు లాంటి గింజలు. పలకల లోపలివైపు పూల గీతలు చెక్కి ఉంటాయి. పాతకాలంలో పెళ్లికూతురికి పుట్టింటివారు ఈ ఇనుము ఇచ్చేవారు, దాని మీద ఆమె పేరులోని మొదటి అక్షరాలు, సంవత్సరం చెక్కించేవారు. నోన్నా ఇనుము మీద ఉన్న అక్షరాలు చూసి నేను తికమక పడ్డాను. మాకు తెలిసిన ఆవిడ పేరుకూ ఆ అక్షరాలకూ పొంతన లేదు.

ఆ సంగతి అప్పుడే ఆలోచించి ఉంటే నాలుగు నెలలు కలిసొచ్చేవి. ఆలోచించలేదు. ఆవిడ పుట్టిన ఊరు లాన్చానో పట్టణం దగ్గరి చిన్న కొండ ఊరు. అక్కడి పురపాలక కార్యాలయానికి, నాకు వచ్చిన కొద్దిపాటి ఇటాలియన్‌లో, జనన నమోదు ప్రతి పంపమని ఉత్తరం రాశాను. అమెరికాలో ఆవిడకున్న పేరు, ఇంటిపేరు రాశాను. మూడు వారాలకు మర్యాదగా జవాబు వచ్చింది. ఆ పేరుతో ఇక్కడ ఎవరూ పుట్టలేదు.

తర్వాత తెలిసింది. ఇటలీలో ఆడవాళ్లకు పెళ్లయినా ప్రభుత్వ కాగితాల్లో ఇంటిపేరు మారదు. పుట్టింటి పేరుతోనే బతుకుతారు, పుట్టింటి పేరుతోనే పోతారు. అమెరికాకు వచ్చి నోన్నా భర్త ఇంటిపేరు తీసుకుంది. పైగా మేమంతా పిలిచింది పొట్టి పేరు. అసలు పేరు వాళ్ల నాన్నమ్మది. పెద్ద కూతురికి తండ్రి తల్లి పేరు పెట్టడం అక్కడి ఆచారం. మా ఇంట్లోనూ అంతే, నాకు మా నాన్నమ్మ పేరే పెట్టారు. ఇనుము మీద ఉన్నవి పుట్టింటి అక్షరాలు. ఆ అక్షరాలకు సరిపోయే పూర్తి పేరు మా మామగారి మేనత్త చెప్పింది. రెండో ఉత్తరం రాశాను. ఈసారి రెండు వారాల్లో జనన నమోదు సారాంశం వచ్చింది. పైసా తీసుకోలేదు.

1933 మార్చి. పక్కనే 'పదకొండో ఏడు' అని ఉంది. 1922లో ముస్సోలినీ అధికారంలోకి వచ్చిన నాటి నుంచి లెక్కపెట్టే ఫాసిస్టు శకం అది. పసిబిడ్డ పుట్టుకకు కూడా ఆయన లెక్కే వేశారు.

పుట్టిన కాగితం దొరికినా వృత్తికి అది ఆధారం కాదు. అయినా అక్కడ ఆగబుద్ధి కాలేదు. ఆబ్రుత్సోతో సహా ఒకప్పుడు నేపుల్స్ రాజ్యంలో భాగంగా ఉన్న ప్రాంతాల్లో 1809 నుంచి జనన మరణాల నమోదు ఉంది. ఇటలీ ప్రభుత్వ పురాభిలేఖాగారాలు ఆ పుస్తకాలను ఫొటోలు తీసి 'ఆంతెనాతి' అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా పెట్టాయి. ఆ మాటకు పూర్వీకులు అని అర్థం. రాత్రిళ్లు పిల్లలు పడుకున్నాక ఆ పుటలు తిప్పేదాన్ని. చేతిరాత చూడగా చూడగా అలవాటైంది. నోన్నా నాన్నమ్మ తల్లి పేరు దగ్గర 'ఫిలత్రీచె' అని కనిపించింది. నూలు వడికే మనిషి అని. మగవాళ్లంతా 'కొంతదీనో', అంటే రైతు. సంతకం చోట 'చదువురానివాడినని చెప్పినందున' అని గుమాస్తా రాసిన వాక్యం మళ్లీ మళ్లీ వచ్చింది. పందొమ్మిదో శతాబ్దపు గుమాస్తా కూడా ఆడమనిషి చేసే పనేమిటో అడిగి రాసుకున్నాడు. నా పట్టుదల ఆ రాత్రి ఇంకా పెరిగింది.

అందరూ నన్ను అడిగిన ప్రశ్న ఒకటుంది. ఇదంతా ఇటలీ పాస్‌పోర్టు కోసమా అని. పూర్వీకుల ద్వారా పౌరసత్వం అడగడానికి చాలామంది ఈ కాగితాలు పోగు చేస్తారు. 2025లో ఆ దేశం నిబంధనలు బిగించాక ఆ సందడి కొంత తగ్గింది. మాకు ఆ ఆలోచన లేదు.

ఓడ కాగితం తేలిగ్గానే దొరికింది. న్యూయార్క్ రేవుకు వచ్చిన ప్రయాణికుల జాబితాలు 1957 వరకు కంప్యూటర్‌లో చూడవచ్చు. నోన్నా ఎల్లిస్ ఐలాండ్‌లో దిగిందని కుటుంబంలో అందరూ చెప్పుకునేవారు. నిజం కాదు. ఆ కేంద్రం 1954 నవంబరులోనే మూతపడింది. ఆవిడ 1956 మే నెలలో నేపుల్స్‌లో 'క్రిస్తోఫొరో కొలంబో' ఓడ ఎక్కి, మన్‌హటన్ పడమటి ఒడ్డున దిగింది. రెండు నెలలకు, జూలై 25 రాత్రి, అదే సంస్థకు చెందిన జంట ఓడ 'ఆంద్రెయా దోరియా' పొగమంచులో స్వీడన్ ఓడను ఢీకొని మర్నాటికి మునిగిపోయింది. ఆ వార్త ఉన్న పత్రిక ముక్క నోన్నా బైబిల్లో దాచుకుంది. జాబితాలో ఆవిడ పేరు ఎదురుగా సామాను లెక్క ఉంది, రెండు. ఆ రెంటిలో ఒకదానిలో పిట్సెల్లె ఇనుము ఉండి ఉంటుంది.

ఆవిడ రాగలిగింది కూడా ఒక సందు దొరికి. 1907 ఒక్క ఏడాదిలోనే ఇటలీ నుంచి 2.8 లక్షల మందికి పైగా అమెరికా వచ్చారు. 1924 చట్టం దాన్ని ఏడాదికి 3,845కు తెగ్గోసింది. తర్వాత అంకె కొంచెం పెరిగినా క్యూ తరగలేదు. మన వాళ్లకైతే తలుపే లేదు. 1946లో దయతలచి భారతదేశానికి ఏడాదికి వంద ఇచ్చారు. నోన్నా భర్త ఫిలడెల్ఫియాలో పుట్టినవాడు. తల్లిదండ్రుల ఊరు చూడటానికి వెళ్లి ఆవిడను చూశాడు, 1955లో పెళ్లి చేసుకున్నాడు. అమెరికా పౌరుడి భార్యకు ఆ పరిమితి వర్తించదు కాబట్టి ఆవిడ వచ్చేసింది. చెల్లెలికి మాత్రం పదేళ్ల ఎదురుచూపు తప్పలేదు. 1965 అక్టోబరు 3న అధ్యక్షుడు జాన్సన్ స్వేచ్ఛా విగ్రహం పాదాల దగ్గర సంతకం చేసిన చట్టం దేశాలవారీ ఆ పాత వాటాలు తీసేసింది. 1967లో చెల్లెలు వచ్చింది. మా పెదనాన్న డాక్టరుగా 1972లో వచ్చింది కూడా ఆ చట్టం వల్లే. ఈ సంగతి ఒకసారి నోన్నాకు చెబితే, 'అయితే మీ పెదనాన్నా మా చెల్లీ ఒకే తలుపులోంచి వచ్చారన్నమాట' అంది.

ఇక అసలు ఆధారం. మొదట అమెరికా వలస శాఖ దగ్గరున్న ఆవిడ ఫైలు అడిగాను. మన సమాచార హక్కు చట్టం లాంటిది ఇక్కడ 1966 నుంచి ఉంది. చనిపోయినట్టు రుజువు జతచేసి దరఖాస్తు పెడితే నెలల తర్వాత ఫైలు ప్రతి వచ్చింది. ఇరవై మూడేళ్ల నోన్నా ఫొటో, నల్ల కోటు, బిగించి దువ్విన జుట్టు, నవ్వు లేదు. వీసా దరఖాస్తులో వృత్తి 'కాసలింగా'. అంటే గృహిణి. అప్పటికే ఆవిడ ఊళ్లో దర్జీ అమ్మ దగ్గర ఆరేళ్లు పని నేర్చుకుని ఉంది. 1960లో పౌరసత్వం తీసుకున్నప్పటి దరఖాస్తులో మాత్రం 'మిషన్ ఆపరేటర్' అని ఉంది. ఒక్క ఏడాది నాటి కాగితం ముప్పై రెండేళ్లకు ఆధారం ఎలా అవుతుందని అవతలివారు అడిగారు. ఆ అడగడం న్యాయమే.

చివరికి పని చేసింది సోషల్ సెక్యూరిటీ, అంటే అమెరికా ప్రభుత్వ పింఛను శాఖ. మనిషి ఏ ఏడు ఏ యజమాని దగ్గర ఎంత సంపాదించారో పద్దు మొత్తం ఇస్తారు. దానికొక ఫారం, ఫీజు. కొడుకుగా మా మామగారు సంతకం పెట్టారు, ఎందుకమ్మా ఇంత శ్రమ అంటూనే. ఏడు నెలలకు మందపాటి కవరు వచ్చింది. ఆ ఆదివారం ఆయన ఇంటికే తీసుకెళ్లి వంటగది బల్ల మీద పరిచాను.

1977 వరకు యజమానులు మూడు నెలలకొకసారి లెక్క పంపేవారు. అందుకని ఒక్కో ఏడాదికి నాలుగు అంకెలు. 1956 చివరి గడిలో మొదటి జీతం. 1957లో నాలుగు గడులూ నిండాయి. 1958లో మొదటి రెండు గడులు నిండి, తర్వాతి రెండూ సున్నా. 1959 మొదటి గడిలో మళ్లీ అంకె. మామగారు వేలితో ఆ వరస మీద ఆగారు. చాలాసేపు ఏమీ అనలేదు.

'నేను ఆగస్టులో పుట్టాను' అన్నారు.

కిందికి వెళ్తే 1961లో సున్నాలు, ఆయన చెల్లెలు. 1964లో సున్నాలు, తమ్ముడు. పిల్లలు పుట్టిన నెలలు తప్ప ఆ కాగితం మీద ఖాళీ గడి లేదు. ముగ్గురినీ చూసుకున్నది నోన్నా అత్తగారు. మామగారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, ఎప్పుడూ చెప్పని సంగతి చెప్పారు. ఫ్యాక్టరీలో జీతం ముక్కకు ఇంత అని. ఒక్కో కోట్ల కట్టకు ఒక చీటీ కట్టి ఉంటుంది, తన పని అయ్యాక దానిలో తన ముక్క కత్తిరించుకోవాలి. ఆ ముక్కలన్నీ కాగితానికి అంటించి ఇస్తేనే డబ్బు. రాత్రి భోజనాలయ్యాక నోన్నా మైదా ఉడికించి జిగురు చేసేది. ఆ చీటీలు ఆరేళ్ల పిల్లాడు అంటించేవాడు. 'అది ఆట అనుకున్నాను. ఎక్కువ చీటీలుంటే ఎక్కువసేపు ఆట' అన్నారు. 'ఈ బల్ల మీదే' అన్నారు. మా అత్తగారు లేచి వెళ్లి ఆయన వెనక నిలబడి భుజం మీద చెయ్యి వేశారు.

సవరణ దరఖాస్తు ఆ రోజే రాశాం. వృత్తి దగ్గర ఏం రాయాలని నేను అడగలేదు. ఆయనే చెప్పారు.

దరఖాస్తు వెళ్లాక, 2023 అక్టోబరులో మా ఆయనా నేనూ ఆబ్రుత్సో వెళ్లాం. కాగితాలకు ఆ ప్రయాణంతో పని లేదు. నోన్నా నాకు చెప్పిన ఒక సంగతి ఉంది, దాని చోటు చూడాలనిపించింది.

2008లో, పెళ్లికి ముందు, నన్ను మొదటిసారి ఆవిడకు చూపించారు. ఇంట్లో కొందరికి నా గురించి సంకోచం ఉంది, నాకది తెలుస్తూనే ఉంది. మీ వంట ఏదైనా చేయమన్నారు. ఆ వంటింట్లో ఉన్నవాటితో అయ్యేది చపాతీయే. పెనం మీద మొదటి చపాతీ పొంగగానే వెనక నుంచి నోన్నా వచ్చి, కాలుతుందన్న భయం లేకుండా చేత్తో తీసుకుని వాసన చూసింది. 'చపాత్తి' అంది. అందరం ఆశ్చర్యపోయాం. ఆవిడ కూర్చుని, ముక్క తుంచుకుని పంచదార అద్దుకుని తింది. 1943 చలికాలంలో జర్మన్లు గాడిదలను, పందులను తోలుకుపోయారు. ఊరివాళ్లు నేలమాళిగల్లో దాక్కున్నారు. వాన, బురద, ఫిరంగులు. జర్మన్లు వెనక్కి పోయాక వచ్చినవాళ్లలో తలపాగాలవాళ్లున్నారు. వాళ్లలో ఒకడు పెట్రోలు డబ్బా రేకు మీద రొట్టెలు కాల్చి, పదేళ్ల నోన్నాకూ చెల్లెలికీ పంచదార చల్లి ఇచ్చాడు. పేరు అడిగితే చెప్పలేదు, రొట్టె పేరు అడుగుతున్నారనుకుని చపాతీ అన్నాడు. అరవై అయిదేళ్లు ఆ మాట ఆవిడకు గుర్తుంది. 'ఈ పిల్ల వాళ్ల పిల్ల' అని ఇంట్లో అందరితో అంది. ఆ తర్వాత నా గురించి ఎవరూ ఏమీ అనలేదు.

తర్వాత చదివి తెలుసుకున్నాను. 1943 నవంబరు, డిసెంబరుల్లో సాంగ్రో, మోరో నదుల దగ్గర జర్మన్ల రక్షణ రేఖను ఛేదించిన బ్రిటిష్ ఎనిమిదో సైన్యంలో ఎనిమిదో భారత డివిజన్ ఉంది. పంజాబీలు, మరాఠాలు, గూర్ఖాలు. మోరో నది మీద చోటు చాలక, భారత ఇంజనీర్లు సామానంతా అవతలి ఒడ్డుకు చేర్చి, శత్రువు వైపు నుంచి వెనక్కి వంతెన కట్టుకుంటూ వచ్చారు. దానికి 'అసాధ్యపు వంతెన' అని పేరు పెట్టారు.

నోన్నా ఊళ్లో ఇల్లు లేదు. ఉన్న చోట ద్రాక్ష తీగలున్నాయి. పురపాలక కార్యాలయంలో నా రెండు ఉత్తరాలకూ జవాబు రాసిన ఆవిడే కూర్చుని ఉంది. లోపలికి వెళ్లి పెద్ద రిజిస్టరు తెచ్చి తెరిచింది. నోన్నా పుట్టుక రాసిన పుట అంచున, వేరే సిరాతో, 1955 పెళ్లి. తండ్రి సంతకం పెట్టాడు. వంకరటింకరగా, కానీ పెట్టాడు. ఆంతెనాతి పుటల్లో వంద సార్లు చూసిన 'చదువురానివాడు' అన్న వాక్యం ఇక్కడ లేదు. ఒక తరంలో ఆ ఇల్లు అంత దూరం నడిచింది.

సాంగ్రో నది యుద్ధ శ్మశానం అక్కడికి దగ్గరే, నదికి పైన కొండ వాలు మీద. రెండువేల ఆరు వందలకు పైగా సమాధులు. వాటి మధ్య, దహనం చేసిన భారత సైనికులకు వేరే స్మారకం ఉంది. 517 పేర్లు. తెలుగు పేరు దొరుకుతుందేమోనని చూశాను. సింగ్‌లు, థాపాలు, గురుంగ్‌లు. రొట్టె ఇచ్చినవాడు వీళ్లలో ఉన్నాడో, బతికి ఇంటికి చేరాడో తెలిసే దారి లేదు. మా ఆయన వరసగా పైకే చదవడం మొదలుపెట్టాడు. ఉచ్చారణ తప్పిన చోట నేను దిద్దాను. చీకటి పడేదాకా అలా చదువుతూ ఉన్నాం. కొండల వైపు మయెల్లా శిఖరం మీద తొలి మంచు కనిపించింది. ఆ కొండను అక్కడివాళ్లు అమ్మ అంటారు.

దిద్దిన పత్రం 2024 ఏప్రిల్లో వచ్చింది. మామగారింటికి వెళ్లేసరికి ఆయన పెరట్లో అంజూర చెట్టుకు కట్టిన గోనెలు విప్పుతున్నారు. ఫిలడెల్ఫియా చలికి అంజూర తట్టుకోదు, శీతాకాలం రాకముందే కొమ్మలు దగ్గరికి లాగి కట్టి, గోనెలు చుట్టి, పైన బకెట్టు బోర్లిస్తారు. నోన్నా నాటిన చెట్టు అది. చేతులు తుడుచుకుని కవరు తీసుకున్నారు. నిలబడే చదివారు. వృత్తి: స్లీవ్ సెట్టర్. పరిశ్రమ: పురుషుల దుస్తుల తయారీ. రెండోసారి పైకి చదివారు, కొంచెం గట్టిగా, నోన్నాకు వినిపించాలన్నట్టు. ఆయన తల్లితో మాట్లాడే గొంతు అది.

తర్వాత లోపలికి వెళ్లి ఇనుము దించారు. నేను పిండి కలిపాను. మా అమ్మ 2013లో ఇక్కడికి వచ్చినప్పుడు, భాష తెలియని ఆ ఇద్దరూ ఇదే పొయ్యి దగ్గర ఒక పూటంతా గడిపారు. నోన్నా పిట్సెల్లె చేస్తే, అమ్మ తెనాలి నుంచి తెచ్చిన అచ్చుతో గులాబీ పువ్వులు వేసింది. అమ్మ మొదటి ముక్క పొయ్యిలో అగ్నిహోత్రుడికి వేయబోతే నోన్నా చూసి తలూపింది. ఇనుముకు మొదటిది ఎప్పుడూ అంటుకుపోతుంది, దాన్ని ఎవరికీ పెట్టకూడదు, అది ఇనుముది అని ఆవిడ లెక్క.

పలకలు వేడెక్కాయి. మామగారు పిడులు పట్టుకున్నారు, నేను గరిటెతో పిండి వేశాను. సోంపు వాసన వచ్చింది. మొదటిది అంటుకుంది. గీరి తీసి పక్కన పెట్టి, రెండోది వేశాను.